మన్యపు పాట – మిక్సింగ్ విద్య

అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నమునకు చేరువగా, మన్యపు కొండల పాదమున నెలకొనియున్న గొలుగొండ మండలము చరిత్ర కెక్కిన సీమ. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా ముట్టడించిన మూడు పోలీసు ఠాణాలలో రెండవదైన కృష్ణదేవిపేట ఈ మండలములోనిదే. ఆ వీరుని సమాధియు నచ్చటనే కలదు. ఆయన గాథను 1974లో కృష్ణ నటించిన చలనచిత్రము తెలుగునాట నంతట మారుమ్రోగించినది. అయినను ఆ చిత్రపు సంగీతము రూపొందినది మహానగరపు స్టూడియోలో. ఈ కొండల థింసా నృత్యపు పాటను, ఈ పల్లెల డప్పును పుట్టుకనుండి యెరిగినవారే స్వయముగా రికార్డు చేసి, మిక్సింగ్ గావించి, లోకమునకు వినిపింపగల సాధనసంపత్తి నేడొక సామాన్యమైన కంప్యూటరులో నిమిడియున్నది. కనుక ఈ విద్య మన యువతరము శ్రద్ధాభక్తులతో నభ్యసింపదగినది.

వేరువేరు ధ్వనులను సమతూకముగా కలుపు మిక్సింగ్ కంప్యూటరుతో పుట్టినది కాదు. గ్రామఫోను తొలినాళ్లలో గాయకుడు ధ్వనిని గ్రహించు రికార్డింగు కొమ్మునకు సమీపముగను, బిగ్గరగా మ్రోగు వాద్యములు వెనుకకును నిలుచుటయే మిక్సింగ్. పిమ్మట ఒకే మైకు ముందర ఎవరెంత దూరమున కూర్చుండవలెనో నిర్ణయించి నాటి ఇంజనీరు సాధించిన సమతూకమునే, ఒక్కొక్క వాద్యమును వేరువేరు ట్రాకులపై నుంచుకొని, ధ్వనిస్థాయిని మార్చు ఫేడరును జరిపి నేడు మనము సాధించుచున్నాము. ఉచితముగా లభించు ఆడాసిటీ మొదలు రీపర్, ప్రోటూల్స్ వరకు గల సాఫ్ట్‌వేరు లన్నియు చేతికి సౌలభ్యము నొసగును గాని, చెవి చేయవలసిన పనిని తాము చేయజాలవు.

మిక్సింగ్ బాగుండుటకు మూలము రికార్డింగులోనే యున్నది. 24 బిట్లలో రికార్డు చేయునపుడు శబ్దశిఖరములు గరిష్ఠస్థాయియైన సున్నాకు 12 డెసిబెల్స్ దిగువనున్నను నష్టము లేదు. సున్నాను దాటి తెగిపోయిన శిఖరమును మాత్రము యథాతథముగా తిరిగి తెచ్చు నుపాయము లేదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును గనుక, ఒకే డప్పునకు రెండు మైకులు వేరువేరు దూరములలో నుంచినచో, ఒక మీటరు వ్యత్యాసమునకు సుమారు మూడు మిల్లీసెకన్ల యాలస్యము కలిగి, తరంగములు కొన్ని పరస్పరము నశించి, డప్పు గుండె పలుచనైపోవును. ఆ రెండు ట్రాకులను కాలములో సరిజూచుకొనుట తొలి కర్తవ్యము.

తరువాత, ఏ అలంకరణమును చేర్చక, కేవలము ఫేడర్లతోనే పాటను నిలబెట్టవలెను. థింసాలో మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు అన్నియు నొక్కసారి మ్రోగుచుండగా గొంతు మునిగిపోయినచో, అభ్యాసకుడు సహజముగా గొంతును పెంచును. ఆ వెనుక డప్పును, ఆ పిదప కొమ్మును పెంచును. తుద కన్నియు పెరిగి ఏదియు వినబడదు. పెంచుటకంటె తగ్గించుటయే ఈ విద్యలో పరమరహస్యము. కాలువనీటిని ఒక మడికి కట్టి, వేరొక మడికి విడుచు రైతువలె, ఈక్వలైజరుతో ఒక వాద్యమునుండి అనవసరమైన పౌనఃపున్యములను తొలగించి వేరొక వాద్యమునకు తావు కల్పింపవలెను. గొంతులో 80 హెర్ట్జ్‌లకు దిగువనున్న హోరును తీసివేసినచో తుడుముయొక్క గంభీరనాదము తేటపడును. 2000 మొదలు 4000 హెర్ట్జ్‌ల ప్రాంతమున కొమ్మును కొంచెము తగ్గించినచో సాహిత్యాక్షరములు స్ఫుటముగా వినవచ్చును.

నిర్ణీతస్థాయిని మించిన ధ్వనిని అణచు కంప్రెసరును మిక్కిలి వివేకముతో వాడవలెను. మూడింటికొకటి నిష్పత్తిలో నుంచినపుడు, నిర్ణీతస్థాయిని 6 డెసిబెల్స్ దాటిన ధ్వని 2 డెసిబెల్స్ మాత్రమే దాటును. గొంతునకు ఇది మేలు చేయును. డప్పుపై నది తక్షణమే పనిచేయునట్లు చేసినచో పుల్ల తాకిన తొలి దెబ్బ అణగిపోయి, వాద్యమునకు ప్రాణమైన చురుకుదనము నశించును. కావున 20, 30 మిల్లీసెకన్ల వ్యవధి నిచ్చి ఆ దెబ్బను ముందుగా సాగనీయవలెను. అట్లే ప్రతిధ్వనిని చేర్చు రివర్బ్: ఒకరి నొకరు పెనవేసికొని ఆరుబయట నాడు థింసా నృత్యమునకు రాతిమందిరపు ప్రతిధ్వనిని తగిలించుట ఆ పాటను తన నేలనుండి పెల్లగించుటయే యగును.

ఇక మాస్టరింగ్. పూర్తియైన మిశ్రమమును తుదిసారి పరిశీలించి, ఏ యంత్రమున విన్నను చెడకుండునట్లు తీర్చు ఘట్టమిది. తక్కువ ధ్వనిస్థాయిలో వినునపుడు మన చెవికి క్రింది స్వరములు తగ్గినట్లు తోచునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అందువలన ఎల్లప్పుడు ఒకే మితమైన స్థాయిలో వినుట యలవరచుకొనవలెను. మంచి హెడ్‌ఫోనులో విన్న పాటను చరవాణిలోని చిన్న స్పీకరులో, ఊరి ఉత్సవపు మైకుసెట్టులో గూడ పరీక్షింపవలెను. మన శ్రోతలు వినునది వానియందే. ధ్వనిని బిగించి బిగించి హోరెత్తించుట నేడు నిష్ప్రయోజనము. స్పాటిఫై వంటి వేదికలు పాటలను సామాన్యముగా మైనస్ 14 లఫ్స్ (ధ్వని బిగ్గరతనమునకు కొలమానము) స్థాయికి సరిచేయుచున్నవి కనుక, అధికముగా బిగించిన పాట అచ్చట తగ్గింపబడి, బలము పోగొట్టుకొన్న పాటగా మాత్రమే మిగులును.

ఇంతకును ఈ విద్యకు విలువ యెందున్నది? ఏ వాద్యము ముందుండవలెను, ఏది వెనుకనుండవలెను అను ప్రతి నిర్ణయమును ఒక సంప్రదాయముపై నిచ్చు తీర్పు. ఆ సంప్రదాయము నెరుగని చేయి తుడుమును కీబోర్డు క్రింద అణచి, అదియే శుద్ధమైన ధ్వని యని భ్రమింపవచ్చును. బిడ్డగా నుండగనే ఆ తుడుమునకు అడుగువేసినవాడు అట్లు చేయడు. కావున గొలుగొండ, నర్సీపట్నము ప్రాంతముల విద్యార్థులు తమ పెద్దల పాటలను వారి యనుమతితో రికార్డు చేసి, పాడినవారి పేరులను, ఊరి పేరును తప్పక జతపరచి, మిక్సింగునకు ముందటి విడిట్రాకులను గూడ పదిలపరచుదురుగాక. నేటి మిక్సింగ్ రేపటివారికి నచ్చకపోయినచో, మూలనాదమునుండి వారు మరల ప్రారంభించుటకు వీలుండవలెను.