ఒకే ఉక్కు, రెండు బత్తాలు

భిలాయి ఉక్కు బయటి ఊళ్లకు రెండు దారుల్లో వెళుతుంది. ఒకటి చరోదా వైపున్న భిలాయి మార్షలింగ్ యార్డు నుంచి వ్యాగన్లలో, రెండోది 53వ నెంబరు జాతీయ రహదారి మీద ట్రెయిలర్లలో. వ్యాగన్లను లాగుకుపోయేది లోకో పైలట్. వైర్ రాడ్ చుట్టలో ప్లేట్లో ఎక్కించుకుని రాజనాంద్‌గావ్, నాగపూర్, ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్ చేరేది లారీ డ్రైవర్. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి సెక్టార్లలో, క్యాంపుల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఈ రెండు పనులవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ రోజుల తరబడి ఇంటి కంచానికి దూరంగా తింటారు. ఆ తిండి డబ్బు మీద పన్ను ఉండాలా వద్దా అన్నదానికి చట్టం ఇద్దరికీ కలిపి ఒకే జవాబు చెప్పింది. అది ఒకరికి సరిగ్గా అమరింది, మరొకరిని తాకనే లేదు.

ఆ జవాబు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(14) కింద, రూల్ 2బీబీలో ఉంది. రవాణా సంస్థలో పనిచేసే ఉద్యోగికి, బండిని ఒక చోటు నుంచి మరో చోటికి నడిపేటప్పుడు అయ్యే సొంత ఖర్చుల కోసం ఇచ్చే భత్యంలో 70 శాతం మీద పన్ను లేదు. అయితే ఆ మినహాయింపు నెలకు 10,000 రూపాయలు దాటకూడదు, ఆ ఉద్యోగి దినభత్యం తీసుకుంటూ ఉండకూడదు. (2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేది 2025 నాటి కొత్త చట్టం. ఇక్కడి సెక్షన్లు, పరిమితులన్నీ పాత చట్టంవే.)

ముందు లోకో పైలట్ సంగతి. రైల్వేలో రన్నింగ్ సిబ్బందికి కిలోమీటర్ల లెక్కన రన్నింగ్ అలవెన్స్ వస్తుంది. నెలకు 20,000 వచ్చిందనుకుందాం. అందులో 70 శాతం అంటే 14,000, కానీ పరిమితి 10,000 దగ్గర ఆగుతుంది. ఏడాదికి 1,20,000 రూపాయలు పన్ను లెక్కలోంచి తప్పుకుంటాయి. పాత పన్ను విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి 24,960 రూపాయలు మిగులుతాయి. పరిమితి పెంచాలని లోకో రన్నింగ్ సిబ్బంది అడగడం న్యాయమే, ఎందుకంటే నెల భత్యం 14,286 దాటాక వచ్చే ప్రతి రూపాయికీ పన్ను పడుతుంది. అయినా ఆయనకు పే స్లిప్ ఉంది, అందులో భత్యానికి విడిగా ఒక గడి ఉంది. డ్యూటీ దిగిన చోట రన్నింగ్ రూమ్ ఉంది, అందులో మంచం, దుప్పటి, తక్కువ ధరకు వేడి అన్నం ఉన్నాయి. రూల్ 2బీబీ చదువుతుంటే ఇలాంటి ఉద్యోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంటుంది.

లారీ డ్రైవర్ దగ్గర పే స్లిప్ ఉండదు, ట్రిప్ పుస్తకం ఉంటుంది. అట్ట చిరిగిన చిన్న నోటు పుస్తకంలో ఎడమవైపు ఓనరు ఇచ్చిన అడ్వాన్సు, కుడివైపు ఖర్చులు: డీజిల్, పంక్చరు, తాడూ టార్పాలినూ, లోడింగ్ మామూళ్లు, దారి ఖర్చు. తిన్నదీ తాగిందీ చాలాసార్లు ఆ చివరి మాటలోనే కలిసిపోతాయి. కొందరు ఓనర్లు రోజుకింత అని బత్తా కడతారు, కొందరు ట్రిప్పుకింత అని ఒప్పుకుంటారు. ట్రిప్పు లెక్కలో ఒక చిక్కుంది. హైదరాబాద్ దాకా దాదాపు 750 కిలోమీటర్లు. గోడౌన్ దగ్గర అన్‌లోడింగ్‌కు రెండు రోజులు నిలబడిపోతే ఆ రెండు రోజుల తిండి డ్రైవర్ జేబులోంచే పోతుంది. ఒప్పుకున్న డబ్బులో ఎంత మిగిల్చితే అంత ఇంటికి. అంటే అతను కడుపు మాడ్చుకుని పొదుపు చేస్తున్నాడు. ఆ పొదుపు జీతమా, భత్యమా అన్నది ఏ కాగితం మీదా ఉండదు. అతని ఆదాయం పన్ను గడప దాకా రాదు గనక ఎవరూ అడగరు కూడా.

ఓనరు వైపు చూస్తే ఇది ఇలా ఎందుకు ఉందో తెలుస్తుంది. పదికి మించకుండా లారీలున్న ఓనరు సెక్షన్ 44ఏఈ ఎంచుకుంటే, 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 రూపాయలు, చిన్న బండికైతే నెలకు 7,500 రూపాయలు ఆదాయంగా లెక్కిస్తారు. 40 టన్నుల స్థూల బరువున్న ట్రెయిలర్‌కు ఏడాదికి 4,80,000. ఖర్చులన్నీ అందులోనే పోయినట్టు లెక్క. పుస్తకాలు రాసే బాధ చిన్న ఓనరుకు తప్పడం మంచిదే, దాన్ని తప్పుపట్టను. కానీ డ్రైవర్‌కు రోజుకు 300 ఇచ్చినా 600 ఇచ్చినా ఓనరు పన్ను ఒక్క పైసా మారదు. బత్తా పెంచడానికీ, విడిగా రాయడానికీ అతనికి కారణమే లేదు. పుస్తకాలు రాసే పెద్ద కంపెనీలకు సెక్షన్ 40ఏ(3)లో ఇంకో వెసులుబాటు: మామూలుగా రోజుకు ఒకరికి 10,000 దాటిన నగదు చెల్లింపును ఖర్చుగా ఒప్పుకోరు, లారీల రవాణా చేసేవాళ్లకిచ్చే చెల్లింపుల్లో మాత్రం 35,000 దాకా ఒప్పుకుంటారు. బండి బరువునూ నోట్ల కట్టనూ ఇంత శ్రద్ధగా కొలిచిన చట్టం రోడ్డు మీద గడిచిన రాత్రులను లెక్కపెట్టలేదు.

అమెరికా సరిగ్గా ఆ రాత్రులనే లెక్కపెడుతుంది. అక్కడ రవాణా రంగంలో ఇంటికి దూరంగా ఉన్న రోజుకు భోజనానికీ చిల్లర ఖర్చులకూ కలిపి ఒక రేటు ఉంది. 2024 అక్టోబరు నుంచి దేశం లోపలి ప్రయాణాలకు అది 80 డాలర్లు. రోజుల లెక్క చూపితే చాలు, భోజనం రసీదులు అక్కర్లేదు. మిగతా వ్యాపారాలకు భోజనం ఖర్చులో సగమే తగ్గిస్తారు, పని గంటల నిబంధన కిందికొచ్చే డ్రైవర్లకు 80 శాతం. ఈ పద్ధతిలో నాకు నచ్చింది రోజే కొలత కావడం. అయితే సొంత లారీ నడిపేవాడికే ఆ తగ్గింపు. 2017 పన్ను చట్టం వల్ల 2018 నుంచి జీతానికి నడిపే డ్రైవర్‌కు అది పోయింది. కంపెనీ తనంతట తాను ఈ రోజు భత్యం (పర్ డీమ్) కడితే పన్ను తప్పుతుంది కానీ, జీతంగా చూపే మొత్తం తగ్గి, రేపు వచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను కూడా తగ్గుతుంది. ఇవాళ్టి తిండికి ముసలితనంలోంచి కోత పడుతోందన్న మాట.

మన కొత్త పన్ను విధానం పోలికను ఇంకా విచిత్రం చేసింది. 2023-24 నుంచి ఎంచుకోకపోయినా అదే వర్తిస్తుంది. అందులో టూరు మీద వెళ్లిన ఉద్యోగి ఖర్చుపెట్టిన దినభత్యానికి మినహాయింపు ఉంచి, రన్నింగ్ సిబ్బంది 70 శాతాన్ని తీసేశారు. సూట్‌కేసుతో వెళ్లిన ఆఫీసరు భోజనానికి దొరికిన మన్నన ఇంజన్ నడిపినవాడి భోజనానికి దొరకలేదు. 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది గనక చాలామందికి నొప్పి తెలియకపోవచ్చు. అయినా ఈ తేడాను సమర్థించే కారణం నాకైతే కనబడదు.

లారీ డ్రైవర్‌కు పన్ను మినహాయింపు ఎంత పెంచినా ఒరిగేదేమీ లేదు. అతనికి కావలసింది రాతలో ఉన్న రోజు బత్తా. 1961లోనే వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం రాత్రి మకాం చోట విశ్రాంతి గదులు ఉండాలంది, యూనిఫాం ఉతుకుడు ఖర్చు కూడా ఇవ్వమంది. దారిలో తినే అన్నానికి రోజుకింత అని మాత్రం చెప్పలేదు. పైగా అయిదుగురి కంటే తక్కువ మంది పనిచేసే చోటికి అది మామూలుగా వర్తించేది కాదు. రెండు లారీల ఓనరు దాని బయటే ఉండేవాడు.

రోజు బత్తాను రాతలో పెట్టడం ఇప్పుడు కష్టమేమీ కాదు. 2021 నుంచి టోలు ఫాస్టాగ్‌లో పోతోంది, చాలా బళ్లకు డీజిల్ కార్డు మీద పోతోంది. డ్రైవర్ చేతికిచ్చే నగదులో మిగిలింది తిండి, చిల్లర మరమ్మతులే. సెక్షన్ 44ఏఈ లాంటి తేలిక లెక్క కావాలనుకునే ఓనరు, ప్రభుత్వం నిర్ణయించిన కనీస రోజు బత్తాను డ్రైవర్ బ్యాంకు ఖాతాలో వేసి, అన్‌లోడింగ్‌కు నిలబడ్డ రోజులనూ అందులో కలిపి చూపాలని షరతు పెట్టవచ్చు. అంతకుమించి ఇచ్చిన బత్తాకు ఆ లెక్కించిన ఆదాయంలోంచి తగ్గింపు ఇవ్వవచ్చు. లోకో పైలట్ పరిమితిని కూడా నెలకు బదులు బయట గడిపిన రోజుల మీద కడితే, చరోదా యార్డులో ఎక్కినవాడికీ పక్క రహదారి మీద ఎక్కినవాడికీ ఒకే కొలత దొరుకుతుంది.