సంపాదకీయం బరువు

పత్రిక తన పేరు మీద ఒక మాట చెప్పి, ఆ మాట మీద నిలబడే చోటు సంపాదకీయం. ఏం జరిగిందో వార్త చెబుతుంది. దానివల్ల నష్టపోయేదెవరో, జవాబు చెప్పాల్సిందెవరో సంపాదకుడు తేల్చాలి. పత్రిక చేయాల్సిన పనుల్లో బరువైనది ఇదే.

తెలుగులో దీనికి బాట వేసినవారు కందుకూరి వీరేశలింగం. 1874లో మొదలైన వివేకవర్ధనిలో ఆయన కోర్టుల్లోని లంచగొండితనాన్ని రాజమండ్రిలోనే ఉంటూ ఎండగట్టారు. ఊళ్లో రోజూ ఎదురుపడే పెద్దమనుషుల మీద రాయడం ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత 1902లో బందరులో కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక వచ్చాయి. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా కృష్ణాపత్రికను నడిపిన ముట్నూరి కృష్ణారావుది గంభీరమైన శైలి. స్వరాజ్యం గురించి రాస్తూ కళలోకి, తత్త్వంలోకి అలవోకగా వెళ్లగలిగిన కలం అది.

సురవరం ప్రతాపరెడ్డి పద్ధతి వేరు, అసాధారణమైన పద్ధతి. 1926లో నిజాం పాలనలో గోలకొండ పత్రిక పెట్టి తెలుగుకు గొంతునిచ్చారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు చులకన చేస్తే ఆయన కోపంతో నాలుగు వాక్యాలు రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. వాదనకు సాక్ష్యం తోడైతే ఎదుటివాడికి నోరు పెగలదు. అదే నిజాం పాలనలోని హైదరాబాదులో, భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థించినందుకు ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు. సంపాదకీయానికి అంత వెల చెల్లించినవారున్నారు.

ఇక నార్ల వెంకటేశ్వరరావు. దినపత్రిక సంపాదకీయంలో ఆయనకు సాటి ఇంకొకరు లేరు. ఆంధ్రప్రభలోనూ, 1960లో విజయవాడలో పుట్టిన ఆంధ్రజ్యోతిలోనూ పండితుల భాష పక్కనపెట్టి జనం మాట్లాడే తెలుగులో రాశారు. మంచి సంపాదకీయం పనితనమంతా అక్కడ కనిపిస్తుంది: విషయం మొదట్లోనే తెలుస్తుంది, వాక్యం సూటిగా ఉంటుంది, పత్రిక ఎటువైపుందో చదువరికి అనుమానం మిగలదు. పెద్ద మాటలతో బెదిరించడం తేలిక. రచ్చబండ మీద వినిపించినా అర్థమయ్యేలా రాయడమే కష్టం. ఒక్కోసారి రాయకపోవడం కూడా సంపాదకీయమే. ఎమర్జెన్సీ విధించాక 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఆ చోటును ఖాళీగా వదిలింది. సెన్సారు నోరు నొక్కిందన్న సంగతి ఆ తెల్లకాగితం దేశమంతా చాటింది.

ఇప్పుడు చాలా చోట్ల సంపాదకీయ పేజీకి సత్తువ లేదు. యజమాని ఏ పార్టీ వైపుంటే కలం అటే వంగుతోంది. ప్రత్యర్థి తప్పు కొండంత, అయినవాడి తప్పు ఆవగింజంత. ‘ఒకవైపు ఇది, మరోవైపు అది’ అంటూ ఎటూ తేల్చని రాతలు నిష్పాక్షికత పేరుతో చెలామణీ అవుతున్నాయి. అది పిరికితనం, నార్ల వారసత్వానికి ద్రోహం. ఎన్నికలొస్తే ఇంకా ఘోరం. డబ్బు పుచ్చుకుని అభ్యర్థి పొగడ్తను వార్తగా అచ్చువేసిన పత్రికకు పక్క పేజీలో నీతి చెప్పే అర్హత ఎక్కడిది? ఈ చెల్లింపు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు, పరంజయ్ గుహ ఠాకుర్తా మరొకరు. వాళ్లు పత్రికల పేర్లతో సహా నివేదిక రాసిచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో పూర్తి పాఠం జనం ముందుకొచ్చింది.