దయాభ్యర్థన – ఋణభాష: క్రైస్తవ ప్రార్థనలో ఒక అర్థవిచారం

దైవాన్ని దయ వేడుకోవడం క్రైస్తవ ప్రార్థనకు ప్రాణం. 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ సీరో-మలబార్ మేత్రాసనపు ఆరాధనలో త్రివార పరిశుద్ధ స్తుతి సైతం దయాభ్యర్థనతోనే ముగుస్తుంది. అయితే బోథ్ వంటి ఉత్తర తెలంగాణ ప్రాంతాల్లో దయను అర్థించే మాటకు మరో చరిత్ర ఉంది. అది ‘నీ బాంచెన్ దొరా’ అన్న మాట. ప్రార్థన ఈ దాస్యభంగిమనే పవిత్రం చేస్తున్నదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పోతన గజేంద్రుడు తన అశక్తతను చెప్పుకొని శరణు వేడుతాడు. లూకా 18వ అధ్యాయంలోని సుంకరి తన దోషాన్ని చెప్పుకొని వేడుతాడు. మొదటిది ఆపన్నుని మొర, రెండవది అపరాధి మొర. క్రైస్తవ అభ్యర్థనలో ఈ రెండూ కలుస్తాయి. అందువల్ల అక్కడ ‘కరుణ’, ‘క్షమ’ అన్న మాటలను విడదీసి చదవలేము.

మత్తయి 18లోని ఉపమానం ఈ ప్రశ్నకు కీలకం. పదివేల తలాంతులు బాకీపడిన దాసుడు అడిగింది గడువు మాత్రమే. రాజు మొత్తం అప్పునే రద్దు చేశాడు. అదే దాసుడు తనకు నూరు దేనారాలు బాకీ ఉన్నవాడు గడువు అడిగితే చెరసాల పాలు చేశాడు. అప్పు కింద చాకిరి చేయించుకున్న భగేలా వ్యవస్థలో దొర దయ గడువు వరకే. అప్పు, దానితో మనిషి, బందీగానే ఉండేవారు. ఉపమానంలోని దయ ఖాతానే చెరిపివేస్తుంది. పొందినవాడు ఇతరుల ఖాతాలనూ చెరపాలని కోరుతుంది.

మత్తయి 6:12 తెలుగు అనువాదం ‘ఋణము’లను క్షమించమంటుంది, సంఘాల్లో వాడుకలో ఉన్న పరలోక ప్రార్థన ‘అపరాధము’లు అంటుంది. తెలుగు నుడికారంలో అప్పు తీరుతుంది, మాఫీ అవుతుంది, ‘క్షమించబడదు’. ఈ అసహజతను అనువాద లోపంగా భావించవచ్చు. కానీ అదే శ్రోతను ఆపి ఆలోచింపజేస్తుంది. ‘అపరాధం’ మనసులోని విషయంగా మిగిలిపోతే, ‘ఋణం’ వడ్డీలెక్కల వీధిలోకి ప్రార్థనను తీసుకువస్తుంది. పత్తి సాగులో అప్పు బరువు తెలిసిన బోథ్ రైతుకు దాని అర్థం విప్పిచెప్పనక్కరలేదు.

కాబట్టి దయాభ్యర్థన ‘బాంచెన్’ మాటకు ప్రతిధ్వని కాదు. అయితే తోటివానిని విడిచిపెట్టవలసిన రెండవ సగాన్ని మరిచిన చోట ఆ రెండింటి మధ్య భేదం చెరిగిపోతుంది. క్రైస్తవ కీర్తన సాహిత్యాన్ని భక్తిపారవశ్యానికే పరిమితం చేయక, ఈ షరతు అందులో ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిపోయిందో పరిశీలించడం విమర్శ చేయవలసిన పని.