‘టేక్’కు స్లొవీన్‌లో ఎన్ని మాటలు

ఇంగ్లీషు ‘టేక్’కు స్లొవీన్ భాషలో మొదట తట్టే మాటే ఒకటి కాదు, రెండు: వ్జేతి, యెమాతి. రెండింటి అర్థమూ తీసుకోవడమే. ఒక్కసారి చేసి ముగించిన పనికి వ్జేతి, సాగుతున్న పనికి, పదేపదే చేసే పనికి యెమాతి. స్లావిక్ భాషలన్నిటిలాగే ఇక్కడా క్రియలు చాలావరకు ఇలా జంటలుగా నడుస్తాయి. డాక్టరు ‘ఈ మాత్ర ఇప్పుడు వేసుకోండి’ అంటే మొదటి క్రియ వస్తుంది, ‘ఈ మందు నెల రోజులు వాడండి’ అంటే రెండోది. ఇంగ్లీషు రెండు చోట్లా ‘టేక్’తోనే గడిపేస్తుంది. అనువాదకుడికి ఆ సౌలభ్యం లేదు. పని ముగిసిందా, సాగుతోందా అన్నది మూలవాక్యం చెప్పకపోయినా, తాను తేల్చుకున్నాకే కలం కదపాలి.

‘టేక్ ఓవర్’, ‘టేక్ అవే’, ‘టేక్ అప్’ లాంటి జంటపదాల్లో అర్థాన్ని తిప్పేది క్రియ వెనక వచ్చే చిన్నమాట. స్లొవీన్‌లో ఆ పని చేసేది క్రియకు ముందు అతుక్కునే ఉపసర్గ. బాధ్యతనో సంస్థనో చేతుల్లోకి తీసుకుంటే ప్రెవ్‌జేతి. హక్కును, లైసెన్సును లాగేసుకుంటే ఒద్‌వ్‌జేతి. సైన్యం ఊరిని ఆక్రమిస్తే జవ్‌జేతి. చెప్పిందంతా క్లుప్తంగా తిరిగి చెబితే పొవ్‌జేతి. సంస్కృతంలో ‘తీసుకుపోవు’ అనే అర్థమున్న హృ ధాతువు నుంచి ఆహారం, విహారం, సంహారం, పరిహారం పుట్టిన తీరు తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది కొత్త వింతేమీ కాదు. అయితే స్లొవీన్ ఉపసర్గ ఇంకో పని కూడా చేస్తుంది: సాధారణంగా క్రియను ‘ముగిసిన పని’ వైపు నెడుతుంది. ‘అధికారం చేతుల్లోకి తీసుకుంటున్నాడు’ అనాలంటే మళ్లీ ప్రెవ్‌జెమాతి అని సాగదీసిన రూపం కట్టుకోవాలి. ఇంగ్లీషులో ఒక్క ‘టేక్ ఓవర్’ ఉన్నచోట స్లొవీన్‌కు రెండు క్రియలు కావాలన్నమాట.

వ్జేతి అన్న మాట కూడా అతుకు పడ్డదే. ‘పైకి’ అనే అర్థమున్న ‘వ్జ్’, ‘పట్టు’ అనే పాత ధాతువు కలిసి అది పుట్టింది. ఆ ధాతువు ఒంటరిగా ఈనాటి వాడుకలో లేదు గానీ, దాని సంతానం భాష నిండా ఉంది. ఒబ్యేతి అంటే కౌగిలించుకోవడం, ఉయేతి అంటే పట్టుకోవడం, నయేతి అంటే అద్దెకో కూలికో తీసుకోవడం, స్ప్రెయేతి అంటే స్వీకరించడం. నమ్మడాన్ని వెర్యేతి అంటారు, మొదట్లో దాని అర్థం ‘విశ్వాసాన్ని పట్టుకోవడం’. వ్యాపార సంస్థను పొద్యేత్యె అంటారు, అందులో ఉన్నవి ‘కింద’, ‘పట్టు’ అన్న ముక్కలే. ఇంగ్లీషు ‘అండర్‌టేక్’లోనూ అవే రెండు ముక్కలు దాగి ఉన్నాయి. ‘టేక్’కు స్లొవీన్ సమాధానం ఒక మాట కాదు, ఒక వంశం అనడం తప్పు కాదు.

ఆ వంశం కూడా చాలని చోట్లు ఎన్నో ఉన్నాయి. ‘టేక్ ఆఫ్’నే చూడండి. కోటు విప్పితే స్లేచి, బూట్లు విప్పితే సెజూతి, టోపీనో కళ్లజోడునో ఉంగరాన్నో తీస్తే స్నేతి. విమానం నేల విడిచి లేస్తే వ్జ్లెతేతి, అంటే ‘పైకెగురు’. ఇంగ్లీషు దృష్టి వస్తువు శరీరం నుంచి వేరుపడటం మీద ఉంటే, స్లొవీన్ ఏ వస్తువు, ఒంటిమీద ఎక్కడ అని అడుగుతుంది. తెలుగులోనూ చొక్కా విప్పుతాం గానీ కళ్లజోడు తీస్తాం, కాబట్టి ఈ పట్టింపు మనకు సులభంగానే అర్థమవుతుంది. రెండు గంటలు ‘టేక్’ అయితే వాడేది త్రాయాతి, అంటే ‘కొనసాగు’. బస్సును ఎవరూ ‘తీసుకోరు’, బస్సులో వెళతారు. ఫొటో తీయడానికి వేరే క్రియ ఉంది. పిల్లవాడు తండ్రి పోలిక అయితే ఇంగ్లీషు ‘టేక్స్ ఆఫ్టర్’ అంటుంది, స్లొవీన్ జాతీయం మాత్రం తండ్రి తీరున తనను తాను ‘విసురుకున్నాడు’ అంటుంది. ‘టేక్ ఇన్’కు మోసగించడం అనే అర్థం వచ్చినప్పుడు ప్రెలిసీచితి అనే చక్కని మాట ఉంది, దాని నడుమ దాక్కున్నది నక్క. ‘టేక్’ను వదిలేసి పనిని చూసిన అనువాదకుడికే ఇలాంటి మాటలు దొరుకుతాయి.

క్రియ దొరికాక వ్యాకరణం మిగిలే ఉంటుంది. స్లొవీన్‌లో ద్వివచనం ఇప్పటికీ జీవించి ఉంది, భూతకాల క్రియ లింగాన్నీ చెబుతుంది. అందుకే ‘దే టుక్’ అన్న రెండు మాటలకు ఇద్దరు మగవాళ్లయితే వ్జేలా స్తా, ఇద్దరు ఆడవాళ్లయితే వ్జేలి స్తా, మగవాళ్ల గుంపయితే వ్జేలి సొ, ఆడవాళ్ల గుంపయితే వ్జేలె సొ. ‘నేను తీసుకున్నాను’ అన్నా చెబుతున్నది స్త్రీయా పురుషుడా అన్నది బయటపడుతుంది. కథకుడి లింగాన్ని చివరిదాకా దాచిన ఇంగ్లీషు నవల స్లొవీన్ అనువాదకుడి పాలిట నిజమైన తలనొప్పి. ‘అతని నుంచి డబ్బు తీసుకున్నాడు’ అనాలంటే స్లొవీన్ ‘అతనికి’ అనే విభక్తినే వాడుతుంది. పోగొట్టుకున్నవాడు ఆ విభక్తిలో నిలబడతాడు. ‘తీసుకోలేదు’ అనగానే కర్మపదం ద్వితీయ విభక్తి వదిలి షష్ఠిలోకి మారుతుంది. ‘సి’ అనే చిన్నమాట చేరితే తన కోసం చేసుకున్న పని అవుతుంది, కాస్త మన ‘-కొను’ లాగా: తీరిక చేసుకోవడం, సెలవు పెట్టుకోవడం అన్నీ ఈ దారినే వస్తాయి. ద్వివచనంలో ‘ఒకరినొకరు తీసుకున్నారు’, అంటే వ్జేలా స్తా సె, అంటే పెళ్లి చేసుకున్నారని.

ఉపసర్గల మీద ఇంత పట్టుదలకు చరిత్ర కారణం. స్లొవీన్‌లో తొలి అచ్చుపుస్తకాలు ప్రిమొజ్ ట్రుబార్ 1550లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో వేయించాడు. స్లొవీన్ ప్రాంతాలు 1918 దాకా హాబ్స్‌బర్గ్ పాలనలో ఉండటంతో జర్మన్ నీడ భాషమీద గట్టిగా పడింది. జర్మన్‌లో క్రియనుంచి విడిపోయే చిన్నమాటలను అనుకరిస్తూ 16వ శతాబ్దపు రచయితలు పునరుత్థానానికి ‘గోరి వ్స్తాతి’, అంటే ‘పైకి లేచు’ అని రాశారు. వ్స్తాతిలోనే ‘పైకి’ ఉంది, గోరి దాన్ని రెట్టించింది. తర్వాతి తరాల సంస్కర్తలు ఇలాంటివాటిని గ్రాంథిక భాషనుంచి తొలగించారు. క్రియల జంటలను ముగిసినవి, ముగియనివి అని గుర్తులతో చూపిన ప్రామాణిక నిఘంటువు 1970 నుంచి 1991 దాకా ఐదు సంపుటాలుగా వెలువడింది. ఇంగ్లీషు నుంచి అనువదించేవాళ్లకు చాలాకాలం చేతిపుస్తకంగా నిలిచింది గ్రాద్, ష్కెర్ల్, వితోరోవిచ్‌ల పెద్ద నిఘంటువు, 1978లో వచ్చింది. 2004లో స్లొవేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరి స్లొవీన్ అక్కడ అధికార భాష అయ్యాక, చట్టాల అనువాదంలో ప్రెవ్‌జేతి, ఒద్‌వ్‌జేతి, స్ప్రెయేతిల మధ్య తేడా భాషాభిరుచి విషయంగా మిగల్లేదు, హక్కులూ బాధ్యతలూ దానిమీదే నిలబడ్డాయి.

ఇంట్లో మాట్లాడే స్లొవీన్ మాత్రం ఈ శుద్ధిని పెద్దగా పట్టించుకోలేదు. సొరుగులోంచి వస్తువు బయటికి తీయమనాలంటే జనం నేటికీ ‘వెన్ వ్జేతి’ అంటారు, వెన్ అంటే ‘బయటికి’. గ్రాంథిక భాష ఆ చిన్నమాటను వదిలి, ఎక్కడి నుంచి అనేది విభక్తితో చెప్పమంటుంది. చట్టాన్నో పాఠ్యపుస్తకాన్నో అనువదించేవాళ్లు ‘వెన్’ జోలికి పోరు. నవలలో వంటింట్లో మాట్లాడుకునే ఇద్దరి సంభాషణకు మాత్రం అదే సరైన మాట.