పాత ఫోను మందగించిన కథ
లోకాభిప్రాయమునకు ఒక పరీక్ష

నిత్యము వాడుకొను వస్తువులను గూర్చి అభిప్రాయము లేని మనుష్యుడు లేడు. పూర్వము ఊరి రచ్చబండమీద బండి ఇరుసును గూర్చియు, బావి గిలకను గూర్చియు చర్చలు జరిగెడివి. నేడు ఆ స్థానమును చేతిఫోనులు, వాని బ్యాటరీలు, వానిలో వచ్చెడి వార్తలు ఆక్రమించినవి. ఈ మాటలను నిపుణులు పిచ్చాపాటి యని త్రోసిపుచ్చుచుందురు. సామాన్యులు వానినే వేదవాక్యముగా గైకొనుచుందురు. ఈ రెండు మార్గములును సరియైనవి కావు. లోకాభిప్రాయమును విమర్శించుటకు ఒక పద్ధతి కలదు. దానిని ఒక ప్రసిద్ధమైన ఉదాహరణముతో పరిశీలింతము.

అమెరికాలోని ఆపిల్ కంపెనీ 2007లో ఐఫోనును ప్రవేశపెట్టెను. కొన్ని ఏండ్లలోనే దానిని గూర్చి ఒక మాట వ్యాపించినది. కొత్త ఫోను అంగడికి రాగానే పాత ఫోను నత్తనడక నడచుననియు, కొత్తదానిని కొనిపించుటకై కంపెనీవారే పాతదానిని మందగింపజేయుచున్నారనియు జనులు చెప్పుకొనసాగిరి. వినుటకు ఇది ఒక్క మాటవలెనే యున్నది. కాని ఇందులో మూడు వేర్వేరు మాటలు ముడిపడి యున్నవి. ఫోను మందగించినదనుట మొదటిది. ఇది కంటికి కనిపించిన విషయము. కంపెనీ చేసిన పనివలననే మందగించినదనుట రెండవది. ఇది కారణమును గూర్చిన ఊహ. కొత్త ఫోనులు అమ్ముకొనుటకే అట్లు చేసినదనుట మూడవది. ఇది ఉద్దేశమును గూర్చిన ఆరోపణ. మొదటిదానికి చాలిన సాక్ష్యము రెండవదానికి చాలదు. రెండవదానికి చాలినది మూడవదానికి చాలదు. ఈ విభజన లేకపోవుటయే ఇట్టి వాదములలోని మొదటి లోపము.

అంకెలలో దాగిన నిజము

ఈ అభిప్రాయమును అంకెలతో పరీక్షింపవలెనను ప్రయత్నము 2014లో జరిగినది. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థిని ఒకరు, ఐఫోను మందగించినదని జనులు గూగుల్‌లో ఎప్పుడెప్పుడు వెదకుచున్నారో లెక్కించిరి. కొత్త నమూనా వెలువడిన ప్రతిసారియు ఆ వెదకులాట హఠాత్తుగా పెరిగినట్లు తేలెను. సాంసంగ్ గెలాక్సీ ఫోనుల విషయమున అట్టి పెరుగుదల కనిపించలేదు. ఆర్థికశాస్త్రజ్ఞుడు సెంధిల్ ముల్లైనాథన్ ఆ సంవత్సరము జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దీనిని వివరించుచు, ఇది కుట్రకు రుజువు కాదని కూడ హెచ్చరించెను. కొత్త ఫోనుతోబాటు కొత్త సాఫ్ట్‌వేరును కూడ ఆపిల్ విడుదల చేయును. లక్షలమంది ఒక్కసారిగా దానిని తమ పాత ఫోనులలోనికి ఎక్కించుకొందురు. కొత్త యంత్రమునకు తగిన సాఫ్ట్‌వేరు పాత యంత్రమునకు బరువగుట సహజము. పర్వతముమీద పొగను చూచి నిప్పున్నదని ఊహింపవచ్చును గాని, ఆ నిప్పు ఎవరు పెట్టినదియు పొగను చూచి చెప్పలేము.

రెండవ పరీక్ష 2017 అక్టోబరులో వెలువడెను. ఫోనుల వేగమును కొలుచు సాధనములు తయారుచేయు ఫిన్లాండు సంస్థ ఫ్యూచర్‌మార్క్, ఏడు ఐఫోను నమూనాలకు సంబంధించిన లక్షకు పైగా ఫలితములను పరిశీలించి సగటులు తీసెను. సగటు వేగములో చెప్పుకోదగిన తగ్గుదల లేదనియు, కంపెనీ కావలెనని మందగింపజేయుచున్నదనుటకు ఆధారము లేదనియు ఆ సంస్థ ప్రకటించెను. లోకాభిప్రాయము వట్టి పుకారని తేలిపోయినట్లు పలువురు తలచిరి.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము ఆగవలెను. పదిమంది యున్న యింటిలో తొమ్మిదిమందికి ఒంటివేడి 98.4 డిగ్రీలును, ఒక్కనికి 104 డిగ్రీలును ఉన్నదనుకొందము. ఆ యింటి సగటు వేడి 99 డిగ్రీలకు లోపే. సగటును మాత్రమే చూచిన వైద్యుడు ఇంటిలో జ్వరమే లేదని వెడలిపోవును. రోగి మంచముమీద మూలుగుచునే యుండును. సగటు అబద్ధమాడదు. కాని అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పును. అన్ని ఫోనులును కొద్దికొద్దిగా మందగించినవా యని అడిగిన, లేదని సగటు చెప్పగలదు. కొన్ని ఫోనులు మిక్కిలిగా మందగించినవా యని అడుగుటకు వేరొక సాధనము కావలెను.

ఆ సాధనము రెండు నెలలలో లభించెను. 2017 డిసెంబరులో ఒక సామాన్య వాడుకరి తన అనుభవమును అంతర్జాలములో ప్రకటించెను. తన 6ఎస్ ఫోనుకంటె తన సోదరుని పాత నమూనా 6 ప్లస్ ఫోను చురుకుగా పనిచేయుట చూచి అతడు ఆశ్చర్యపడెను. తన ఫోనులో బ్యాటరీని మాత్రము మార్చి వేగమును కొలిచెను. మార్చకముందు 1466గా ఉన్న వేగాంకము మార్చిన తరువాత 2526కు చేరెను. ఇతడు శాస్త్రజ్ఞుడు కాడు. ఐనను చేసిన పని శాస్త్రీయము. ఫోను అదే, సాఫ్ట్‌వేరు అదే. మారినది ఒక్క బ్యాటరీ. ప్రయోగశాలలో మనము నేర్చుకొను మొదటి పాఠమిదియే.

ఐనను ఒక్క ఫోనుతో సిద్ధాంతము నిలువదు. వేగాంకములను కొలుచు గీక్‌బెంచ్ సాధనమును రూపొందించిన కెనడా దేశస్థుడు జాన్ పూల్, తన వద్దనున్న ఫలితములను డిసెంబరు 18న ప్రచురించెను. అతడు సగటు తీయలేదు. ఏ వేగాంకము ఎన్ని ఫోనులకు వచ్చినదో రేఖాపటము గీచెను. 10.2 సంఖ్యగల సాఫ్ట్‌వేరు ఉన్నప్పుడు 6ఎస్ ఫోనులన్నియు ఇంచుమించు ఒకే వేగముచుట్టు గుమిగూడి, పటములో ఒకే శిఖరము ఏర్పడినది. 10.2.1 వచ్చిన తరువాత ఆ శిఖరమునకు దిగువన, తక్కువ వేగములవద్ద, చిన్న శిఖరములు తలయెత్తినవి. ఫోనులు పాతబడి క్రమముగా మందగించినచో పటము మెల్లగా ప్రక్కకు జరుగును గాని ఇట్లు మెట్లుమెట్లుగా విడిపోదు. ఎవరో నియమము పెట్టినట్లే మెట్లు ఏర్పడును. రెండు రోజుల తరువాత, డిసెంబరు 20న, ఆపిల్ కంపెనీ ఆ నియమము తనదేనని ఒప్పుకొనెను.

తూము పూడిన చెరువు

కంపెనీ అట్లేల చేసినది? దీనికి జవాబు బ్యాటరీ లోపలి రసాయనములో ఉన్నది. లిథియం అయాను బ్యాటరీ 1991లో వాడుకలోనికి వచ్చెను. దీనిని సాధించిన గుడినఫ్, విటింగ్‌హాం, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఛార్జి చేయునపుడు లిథియం అయానులు ఒక ధ్రువమునుండి రెండవ ధ్రువమైన గ్రాఫైటు పొరలలోనికి చేరును. వాడునపుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలలో గ్రాఫైటు ఉపరితలమున ఒక పలుచని పొర ఏర్పడి కాలక్రమమున దళసరియగును. అందువలన రెండు నష్టములు కలుగును. కొంత లిథియం ఆ పొరలో చిక్కుకొనుటచే బ్యాటరీలో పట్టు విద్యుత్తు తగ్గును. దానితోబాటు లోపలి నిరోధము పెరుగును.

రెండవ నష్టమును సామాన్యముగా ఎవరును గుర్తింపరు. చెరువునిండ నీరున్నను తూము పూడిపోయినచో, ఒక్కసారిగా కావలసినంత నీరు కాలువకు రాదు. బ్యాటరీ సంగతియు అంతే. లోపలి నిరోధము 0.1 ఓము ఉన్న కొత్త బ్యాటరీనుండి 2 ఆంపియర్ల ప్రవాహము తీసినచో 0.2 వోల్టులు తగ్గును. నిరోధము 0.3 ఓముకు పెరిగినదనుకొనుడు. అదే ప్రవాహమునకు 0.6 వోల్టులు పడిపోవును. 3.7 వోల్టులుండవలసినచోట 3.1 మాత్రమే మిగులును. ఇవి లెక్కకొరకు గైకొన్న అంకెలే యైనను విషయము ఇదియే. ప్రాసెసరు ఒక్కసారిగా పెద్ద పని అందుకొన్నప్పుడు వోల్టేజి మితిమీరి పడిపోవును. ఛార్జి ఇంకను మిగిలియుండగనే ఫోను ఆరిపోవును. చలిలో నిరోధము మరింత పెరుగును గనుక ఈ బాధ అప్పుడు హెచ్చు.

2016లో ఇట్లు ఆరిపోవు ఫోనులను గూర్చి ఫిర్యాదులు వచ్చెను. 2017 జనవరిలో వచ్చిన 10.2.1 సాఫ్ట్‌వేరు, బలహీనపడిన బ్యాటరీగల ఫోనులలో ప్రాసెసరు అత్యధికవేగమునకు హద్దు పెట్టినది. వేగము తగ్గిన ప్రవాహము తగ్గును; ప్రవాహము తగ్గిన ఫోను ఆరిపోదు. ఇంజనీరింగు దృష్టితో చూచినచో ఇది తెలివితక్కువ పని కాదు. అత్యవసరమైన పిలుపు మధ్యలో ఆరిపోవు ఫోనుకంటె మెల్లగా నడచు ఫోను మేలు.

తప్పు ఎక్కడ?

కనుక కంపెనీ నిర్దోషి యనవచ్చునా? అనరాదు. ఫోనులు ఆరిపోవుట చాల తగ్గినదని 2017 ఫిబ్రవరిలోనే ఆ కంపెనీ చెప్పుకొనెను. అందులకు వాడుకరి చెల్లించు మూల్యము వేగమని మాత్రము స్పష్టముగా చెప్పలేదు. మందు పనిచేసినదని చెప్పి, ఆ మందు వలన నడక మందగించునని రోగికి చెప్పకుండుట ఏ వైద్యధర్మము? అసలు లోపము కొన్ని డాలర్ల బ్యాటరీలో ఉండగా, అది తెలియని వాడుకరి వందల డాలర్లు పెట్టి కొత్త ఫోను కొనుటకు అవకాశమేర్పడినది. డిసెంబరు 28న కంపెనీ క్షమాపణ చెప్పుకొని, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్లనుండి 29కి తగ్గించెను. 2018 మార్చిలో బ్యాటరీ ఆరోగ్యమును వాడుకరియే చూచుకొను సౌకర్యము కల్పించెను. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ప్రభుత్వశాఖ 2.5 కోట్ల యూరోల జరిమానా విధించినది. అది సంగతి తెలుపనందులకు విధించిన జరిమానా.

ఇక ఉద్దేశము మాట. ఏ ఆరోపణనైనను బలపరచు సంగతి ఒకటి కలదు. 2019 జనవరిలో ఆపిల్ అధిపతి టిం కుక్ మదుపుదారులకు వ్రాసిన లేఖలో, ఐఫోనుల అమ్మకము అనుకొన్నంతగా లేకపోవుటకు గల కారణములలో బ్యాటరీ మార్పిడి చౌక యగుటను కూడ పేర్కొనెను. నిజము తెలిసి, ధర తగ్గినప్పుడు, కొందరు పాత ఫోనులనే ఉంచుకొనిరన్నమాట. మౌనము కంపెనీకి లాభించెనని దీనినిబట్టి చెప్పవచ్చును. లాభముకొరకే మౌనము వహించెనని మాత్రము చెప్పలేము. ఫలితము వేరు, సంకల్పము వేరు.

ఐనను డిసెంబరు 20 తరువాత కొత్త ఫోనులు అమ్ముటకే పాతవాటిని చెరచినట్లు కంపెనీ ఒప్పుకొనినదని చెప్పుకొన్నవారు ఎందరో. ఎద్దు ఈనినదన్న దూడను కట్టివేయుమన్నట్లు, మొదటి రెండు మాటలు నిజమని తేలగానే మూడవదియు నిజమని వారు ముడివైచిరి. అంతకుముందు పుకారని కొట్టివేసినవారిదియు అదే తప్పు. మూడవమాటకు ఆధారము లేదు గనుక మొదటిదియు కల్ల యని వారు తలచిరి.

ఈ కథనుండి వాడుకరి గ్రహింపవలసినది కష్టమైనది కాదు. కంటికి కనిపించిన దానిని చిన్నచూపు చూడరాదు. కొలిచి వ్రాసి పెట్టుకొనవలెను. కారణమును నిర్ణయించుటకు ఒక్కదానిని మాత్రమే మార్చి చూడవలెను. సగటు చూపినవారిని మిగిలిన లెక్కలను కూడ చూపుమని అడుగవలెను. ఉద్దేశమును గూర్చి మాటలాడుటకు వేరు సాక్ష్యము వచ్చువరకు ఆగవలెను. ఫోను మందగించినచో ముందు బ్యాటరీని చూపించి, తరువాతనే కొత్తదాని ధర విచారింపవలెను. ఏండ్ల తరబడి జరిగిన చర్చ తేల్చలేని విషయమును, తన ఫోనులో బ్యాటరీ ఒక్కటి మార్చి రెండు అంకెలు వ్రాసికొన్న ఒక సామాన్యుడు తేల్చుటకు దారిచూపెను. అట్టివారి సంఖ్య మనలో పెరిగిననాడు వస్తువులు చేయువారును మరింత నిజము పలుకుదురు.