మసక లేని బొమ్మ

భూగర్భశాస్త్రం చెప్పే నా స్నేహితురాలు ఈమధ్య ఒక ఫోటో చూపించింది. తెల్లని స్టిల్‌బైట్ మీద నీలంగా విచ్చుకున్న కావన్‌సైట్ స్ఫటికాలు. పుణె పక్కన వాఘోలి క్వారీల్లో, నల్లరాతి డొల్లల్లో దొరికే ఖనిజం. ఆ గుత్తి కందిగింజంత ఉంటుందట. ఫోటోలో మాత్రం ముందున్న సూది మొన నుంచి వెనకున్న రాతి అంచు వరకూ ఎక్కడా మసక లేదు. "ఇది ఒక ఫోటో కాదు, 80" అంది.

అంత దగ్గర్నుంచి తీస్తే ఒక్కో ఫోటోలో మిల్లీమీటరులో పదోవంతుకన్నా తక్కువ లోతే స్పష్టంగా వస్తుంది. లెన్సు రంధ్రాన్ని మరీ చిన్నది చేస్తే లోతు పెరుగుతుంది గానీ, కాంతి చెదిరి బొమ్మంతా పదును తగ్గుతుంది. అందుకని కెమెరాని మిల్లీమీటరులో కొన్ని వందోవంతుల చొప్పున జరుపుతూ వరసగా తీస్తారు. ఒక్కోదాంట్లో పదునుగా ఉన్న భాగాన్ని ఏరి సాఫ్ట్‌వేర్ ఒకే బొమ్మ చేస్తుంది. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు.

డోనా హారవే 1988లో రాసిన 'సిట్యుయేటెడ్ నాలెడ్జెస్' వ్యాసం గుర్తొచ్చింది. ఎక్కడా నిలబడకుండా అన్నీ చూశానని చెప్పుకునే చూపుని ఆమె దేవుడి కనికట్టు అంటుంది. కానీ ఈ 80 చూపుల్లో ప్రతీదీ ఒకచోట నిలబడి చూసిందే. కలిపిన గుర్తులు చెరిపేసినప్పుడే కనికట్టు మొదలవుతుంది. ఒక సూది మరోదాన్ని దాటే చోట సన్నని వెలుగు అంచు మిగులుతుంది. పారదర్శకమైన స్ఫటికంలో ముందు తలమూ, లోపలి పగులూ రెండూ పదునుగా దొరుకుతాయి. ఏది ఉంచాలో సాఫ్ట్‌వేర్‌కి తేలదు. అవన్నీ తర్వాత చేత్తో సరిదిద్దుతారట.

అక్కడ నాకు నా సిద్ధాంత గ్రంథం గుర్తొచ్చింది. రాళ్ళు కొట్టే 7గురు వడ్డెర స్త్రీల మాటలు రికార్డు చేసి, ఒక అధ్యాయంలో అందర్నీ కలిపి 'శ్రామిక స్త్రీ' అని రాశాను. సమ్మెట చేతిలో ఉంటే ఎవరికీ భయపడలేదని ఒకామె చెప్పింది. ఆ పని పేరెత్తగానే ఇంకొకామె ఏడ్చింది. రెండూ పొసగలేదని మొదటిది తీసేశాను. అధ్యాయం సమగ్రంగా ఉందని మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' అప్పటికే నా బల్లమీద ఉంది. తెలంగాణ పోరాట స్త్రీలు అందులో ఎవరి గొంతుతో వాళ్ళే మాట్లాడతారు. దాన్ని ఉటంకించాను, నేర్చుకోలేదు.

ఆ ఫోటో కింద ఖనిజం పేరు, ఊరు పేరు, ఎన్ని ఫోటోలు కలిపారో ఉన్నాయి. రాయి పగలగొట్టిందెవరో లేదు. నా అధ్యాయంలో ఎన్ని గొంతులు కలిపానో కూడా లేదు. పుస్తకం కోసం ఇప్పుడు వాటిని విడదీస్తున్నాను. ముగ్గుర్ని మళ్ళీ కలిసి, పేరు వెయ్యమంటారా అని అడిగాను. మిగతా నలుగురినీ వెతకాలి.