డోలు కొట్టిందెవరు?

చుక్క సత్తయ్య పేరు తెలియని ఊరు మా దిక్కున లేదు. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురంలో 1935లో పుట్టిన మనిషి. 2017 నవంబరులో కన్నుమూసేదాకా ఒగ్గుకథ అంటే ఆయన, ఆయనంటే ఒగ్గుకథ. 2004లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మా కురవి సంతలో ఏ చాయ్ హోటల్ ముందు కూర్చొని ఆయన మాటెత్తినా నడివయసు దాటినవాళ్లంతా కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. గొంతు ఎట్లా లేచేదో చెప్తారు, ఏడిపించిన ఘట్టం ఏదో చెప్తారు. అప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను: ఆయన పక్కన డోలు కొట్టిందెవరు? తాళం పట్టిందెవరు? వంత పాడిందెవరు? ఠక్కున ఒక్క పేరు చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. చెప్పే అలవాటు మనం చేసుకోలేదు. క్యాసెట్ల కాలంలో అట్ట మీద ప్రధాన కథకుడి బొమ్మ, ఆయన పేరు, కథ పేరు పెద్దక్షరాల్లో ఉండేవి. కింద 'మరియు బృందం' అని ఉండేది. ఆ రెండు మాటల్లో నలుగురైదుగురు మనుషుల జీవితకాలపు విద్య మునిగిపోయింది.

ఒగ్గుకథ ఒక్కడు చెప్పే కథ కాదు. ఒగ్గు అంటే శివుడి చేతిలో ఉండే డమరుకం వంటిది, నడుము సన్నగా ఉండే చిన్న వాద్యం. దాని పేరే కథకు వచ్చింది గానీ కథను మోసేది జట్టు మొత్తం. డోలు, తాళం, కంజీర, వీలైతే నపీర. ముందు నిలబడి కథ నడిపేవాడికి ఒక సహ కథకుడు ఉంటాడు, అతడే మాటకు మాట అందిస్తాడు. ముందున్నవాడు భుజం మీది వస్త్రం నెత్తిన కప్పుకుంటే మేడలమ్మ అవుతాడు, నడుముకు బిగిస్తే ఆమె పెనిమిటి మల్లన్న దేవుడవుతాడు. కానీ ఆ మేడలమ్మకు అత్త కావాలి, దారిలో అడ్డం వచ్చే బాటసారి కావాలి, నమ్మనివాడు ఒకడు కావాలి. వాళ్లందరూ ఆ సహ కథకుడే. 'ఔరా!' అని ఆశ్చర్యపోయేదీ, 'గట్లెట్లయితదే?' అని అడ్డం పడేదీ అతడే. కూర్చున్న జనం మనసులో ఏమనుకుంటున్నారో పసిగట్టి వాళ్లకంటే ఒక్క క్షణం ముందు ఆ మాట అనాలి. ముందే అంటే కథ తెగుతుంది, ఆలస్యమైతే జనం చేజారుతారు. ప్రధాన కథకుడికి దమ్ము తీసుకునే వీలు కూడా అక్కడే దొరుకుతుంది. తెల్లార్లూ సాగే కథలో ఒక మనిషి గొంతు నిలబడిందంటే, పక్కన ఇంకో మనిషి దాన్ని కాపు కాస్తున్నాడన్నమాట.

మా మేనమామ ఒక జట్టులో డోలు కొట్టేవాడు. పగలు గొర్లు, కథలున్న నాడు రాత్రి డోలు. నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు తాళం పట్టే మనిషి రాకపోతే ఒకనాడు నన్ను కూర్చోబెట్టాడు. నేను కథకుడి నోటి వంక చూస్తూ తాళం వేస్తున్నాను, ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి వెనక పడుతున్నాను. చరణం అయిపోయాక మామ నా మోకాలు తట్టి, 'నోరు సూడకు అల్లుడా, కాలు సూడు' అన్నాడు. నిజమే. గజ్జె కట్టిన కుడికాలి మడమ లేస్తే రాగం తెగబోతున్నదని అర్థం. రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడితే ఇక వచనం, తాళం చెయ్యి దించాలి. పక్కకు ఒక అడుగు వేస్తే పాత్ర మారబోతున్నది. నోరు చెప్పేముందే కాలు చెప్పేది. ఆ రాత్రి తర్వాత నేను చాలాసార్లు తాళం పట్టాను. జట్టు మీద మాత్రం నాకు కన్ను తెరుచుకున్నది అప్పుడే.

మామ డోలు కొట్టే తీరు దగ్గర నుంచి చూడాలి. ఒక పక్క పుల్ల, ఇంకో పక్క ఉత్త చెయ్యి. పుల్ల పడ్డ పక్క నడక చెప్తుంది, చెయ్యి పడ్డ పక్క మాట్లాడుతుంది. యుద్ధం వస్తే రెండూ ఒకటవుతాయి. ఏడుపు ఘట్టంలో పుల్లను పూర్తిగా ఆపి, నాలుగు వేళ్లతో తోలును తాకీ తాకనట్టు రాసేవాడు, డోలు మూలిగినట్టుండేది. ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేది ఆ మూలుగుకే. పేరు కథకుడికి వచ్చేది. మామ దానికి ఎన్నడూ బాధపడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ బాధే.

ఈ జట్టు ఏ వేదిక మీదా పుట్టలేదు. కురుమ, గొల్ల ఇండ్లల్లో బీరప్ప పండుగ వస్తే, మల్లన్న పట్నాలు వేయిస్తే ఒగ్గు పూజార్లు వస్తారు. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి, మాడ్చిన పొట్టుతో చేసిన నల్లపొడి, ఇట్లా అయిదు రంగులతో నేల మీద పట్నం గీస్తారు. బీరప్పకు కామరాతితో, మల్లన్నకు మేడలమ్మ, కేతమ్మలతో పెండ్లి చేస్తారు. కథ ఆ పెండ్లిలో భాగం. సంక్రాంతికి ఐనవోలులో, సంక్రాంతి మొదలు ఉగాది దాకా వచ్చే ఆదివారాల్లో కొమురవెల్లిలో ఈ చప్పుడు నేటికీ వినిపిస్తుంది. శివరాత్రికి మా కురవి వీరభద్రస్వామి జాతరకు వచ్చే జనంలో కూడా ఇంటి దేవుడు మల్లన్నో బీరప్పో అయినవాళ్లు ఎందరో. పట్నం దగ్గర ఎవరూ 'మరియు బృందం' అనరు. గీసేవాడికి గీసినందుకు, డోలుకు డోలు కొట్టినందుకు, అందరికీ కట్నం, అందరికీ బండారు బొట్టు.

ఒగ్గుకథ ఆ పెండ్లి పందిరి దాటి మైకు ముందుకు వచ్చాక లెక్క మారింది. జనగామ వైపున సత్తయ్య, వేములవాడ దగ్గర హనుమాజీపేటలో మిద్దె రాములు ఆ మార్పుకు పెద్ద దిక్కులు. కవి సి. నారాయణరెడ్డిది కూడా ఆ హనుమాజీపేటే. ఒకే ఊరి నుంచి అంత పెద్ద కవీ, అంత పెద్ద ఒగ్గు కథకుడూ రావడం నాకెప్పుడూ అబ్బురమే. కుల పురాణమై ఉన్న విద్యను ఊరంతా, ఆపైన రాష్ట్రమంతా వినే కథగా మలిచినవాళ్లు వీళ్లు. ఆ గొప్పతనాన్ని నేను పిసరంత కూడా తగ్గించను. అయితే మైకు ఒక్కటే ఉంటుంది, ముందున్నవాడికే అందుతుంది. కరపత్రం మీద ఒక్క పేరుకే చోటు దొరికింది.

మా ఊరి పిల్లవాడొకడు ఉద్యోగానికి డబ్లిన్ పోయాడు. అక్కడి నుంచి ఒక వీడియో పంపి, 'చిన్నాయనా, వీళ్ల దగ్గర కూడా డప్పున్నది చూడు' అన్నాడు. చూస్తే నిజంగానే గుండ్రటి చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం. బౌరాన్ అంటారట. ఒక చేత్తో లోపలి నుంచి తోలును అదుముతూ, ఇంకో చేతి పుల్లతో కొడుతున్నాడు. అదుముడు మారితే స్వరం మారుతున్నది. మామ వేళ్లు గుర్తొచ్చి ఆ సంగతి వెంటపడ్డాను.

ఐర్లండ్‌లో బౌరాన్ చాలాకాలం కచేరీ వాద్యం కాదు. క్రిస్మస్ మర్నాడు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగే కుర్రాళ్ల చేతిలో మోగేది. 1960 ప్రాంతంలో షాన్ ఓ రియాడ అనే సంగీతకర్త సంప్రదాయ వాద్యగాళ్లను కూడగట్టి క్యోల్‌తోరీ ఖూలన్ అనే మేళం కట్టి, బౌరాన్‌ను వేదిక ఎక్కించాడు. ఆ మేళంలోని పాడీ మొలోనీ 1962లో చీఫ్‌టెన్స్ పేరుతో సొంత జట్టు పెట్టాడు. క్లాడా అనే చిన్న కంపెనీ వాళ్ల మొదటి రికార్డు తెచ్చింది. అందులో వాయించినవాళ్లు అయిదుగురు: తిత్తి వాద్యం మొలోనీ, రేకు పిల్లనగ్రోవి షాన్ పాట్స్, వేణువు మైకేల్ టబ్రిడీ, ఫిడేలు మార్టిన్ ఫే, బౌరాన్ డేవిడ్ ఫాలన్. అరవై ఏళ్లు దాటిపోయాక, ఎక్కడో కురవిలో కూర్చున్న నేను ఆ రోజు తోలువాద్యం కొట్టిన మనిషి పేరు చెప్పగలుగుతున్నాను. ఈ కాలమ్ రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ ఒక్క విషయమే.

వాళ్ల కథలో ఇంకొకటి నన్ను పట్టుకుంది. జట్టు కట్టిన పన్నెండేళ్ల పైచిలుకు దాకా వాళ్లు సంగీతం మీద బతకలేదు. పగలు కొలువులు చేసుకొని, తీరిక వేళల్లో వాయించుకున్నారు. 1970ల నడుమ గానీ పూర్తికాలం కళాకారులు కాలేదు. పగలు గొర్లు, రాత్రి డోలు ఐర్లండ్‌లోనూ ఉన్నదన్నమాట. ఊరూరా తిరగడం పెరిగాక 1979లో పాట్స్, టబ్రిడీ తప్పుకున్నారు. వేణువు మాట్ మొలోయ్ చేతికి వచ్చింది. బౌరాన్ అప్పటికే ఫాలన్ నుంచి పీడర్ మెర్సియర్‌కు, ఆయన నుంచి కెవిన్ కనెఫ్‌కు చేరింది. 1983లో చైనా పోయి మహా కుడ్యం మీద వాయించారు. 2021 అక్టోబరులో మొలోనీ పోయాడు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరి చోట ఎవరు కూర్చున్నారు, అంతా వరసగా చెప్పుకోవచ్చు. జట్టు చరిత్ర అంటే అదే కదా. మనకు ఉన్నది కథకుల చరిత్ర. జట్ల చరిత్ర ఇంకా రాసుకోవలసి ఉంది.

దీన్ని ఆలస్యం చేయకూడదని నేను గట్టిగా అనడానికి కారణం ఉంది. పురస్కారాలు ఇప్పుడు మన పల్లెల దాకా వస్తున్నాయి. ఇదే జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె నుంచి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు మణుగూరు వైపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు వచ్చింది. ఈ వార్తలు చదివిన రోజు నాకు పండుగే. అయితే చిందు ఆట ఒక్కరితో నిలబడుతుందా? మద్దెల, హార్మోనియం, తాళం, వేషాలు కట్టేవాళ్లు, వేషాలు దిద్దేవాళ్లు, ఒక్కోసారి కుటుంబాలకు కుటుంబాలే ఆ అరుగు మీద ఉంటాయి. పతకం ఒక్కరికే దక్కుతుంది, అది ప్రభుత్వ పద్ధతి. మిగతావాళ్ల పేర్లు కాగితం మీద పెట్టడానికి ప్రభుత్వం దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు ఒగ్గుడోలుకు కొత్త గిరాకీ ఉంది. ఊరేగింపుల్లో, ప్రభుత్వ సభల్లో ఇరవై ముప్పై డోళ్లు ఒక్కసారి లేస్తాయి. కుర్రాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కడతారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. దాని మీద నాలుగు రూకలు సంపాదిస్తున్నారు, అది మంచిదే. కానీ ఆ పావుగంట ఆటలో కథ లేదు. కథ లేనప్పుడు మూలుగు నేర్చుకునే అవసరం రాదు. గట్టిగా కొట్టడం ఎవరైనా ఏడాదిలో నేర్వొచ్చు. పుల్ల ఆపి వేళ్లతో రాయడం తెల్లార్లూ కథ వెనక కూర్చున్నవాడికే వస్తుంది. అట్లా కూర్చున్నవాళ్లు మా మండలంలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు, వయసు మీద పడ్డది. వాళ్ల దగ్గరికి పోయి 'ఏ జట్టులో ఉన్నవు తాతా, నీ గురువెవరు, నీ పక్కన తాళం ఎవరు?' అని అడిగితే చాలు. నేను కలిసినవాళ్లలో ఒకాయన తన పేరు చెప్పకముందే గురువు పేరు, గురువు జట్టులో నలుగురి పేర్లు, వాళ్ల ఊర్లు గడగడా చెప్పేశాడు. వాళ్ల నోట జట్టు మొత్తం భద్రంగా ఉంది. రాసుకునే చెయ్యే కావాలి.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. అక్కడి విద్యార్థులు ఊళ్లకు వచ్చినప్పుడు రికార్డు చేసిన ప్రతి కథకు ఇట్లా ఒక పేజీ జతచేస్తే బాగుంటుందని నా విన్నపం. ఎవరు ఏ వాద్యం, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చారు. యూట్యూబ్‌లో కథలు పెడుతున్న కుర్రాళ్లకూ ఇదే చెప్తున్నాను, వీడియో కింద రాసుకోవడానికి చోటుకేం కరువు లేదు.

మా వాడకట్టులో ఈసారి బీరప్ప పండుగకు కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. మొదట అచ్చుకు ఇచ్చిన కాగితంలో 'మరియు బృందం' లేదు. కథ, సహ కథ, డోలు, కంజీర, తాళం అని అయిదు వరసలు, ఒక్కో వరసలో మనిషి పేరు, ఊరు. ప్రెస్సు అతను 'అన్నా, దాతల పేర్లకు జాగ తక్కువైతది' అన్నాడు. దాతల పేర్లు వెనక పేజీకి మార్చమన్నాను.